సంతకం తరువాత మిగిలే బలం

(మైనారిటీ హక్కుల అధ్యయన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సులో మాకు అప్పగించిన అంశం, తిరుగుబాటు ముగిసిన తరువాత జరిగే సంప్రదింపులు. ఒక జనసముదాయం ప్రభుత్వంపై తిరగబడుతుంది. ఏళ్ల తరబడి నెత్తురు పారుతుంది. ఒకనాటికి ఇరుపక్షాలూ అలసిపోయి చర్చలకు కూర్చుంటాయి. చరిత్ర గ్రంథాలు యుద్ధాన్ని సవిస్తరంగా వర్ణించి, చివరకు ‘ఒప్పందం కుదిరింది’ అన్న ఒక్క వాక్యంతో అధ్యాయం ముగిస్తాయి. బలహీనుల భవితవ్యం తేలేది ఆ వాక్యం తరువాతనే. చర్చలలో కనిపించిన బలం ఎవరి వద్ద ఎంతకాలం నిలుస్తుంది? సంతకం చేసిన మరునాడు అది ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలను మీ ముందు ఉంచడమే మా ఉద్దేశం.

ఇందుకు ఫిలిప్పీన్స్ దేశంలోని మోరో ముస్లింల అనుభవాన్ని ఎంచుకున్నాము. కారణాలు రెండు. క్రైస్తవులు అత్యధిక సంఖ్యలో ఉన్న దేశంలో వారు సుమారు ఆరు శాతం ఉన్న మైనారిటీ వర్గం. అంతేగాక వారి కథ ఒక్క ఒప్పందంతో ముగియలేదు. 1976లో ఒకటి, 1996లో మరొకటి, 2014లో ఇంకొకటి కుదిరాయి. జనం ఒక్కరే, సమస్యా ఒక్కటే, ఒప్పందాలు మాత్రం మూడు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఏ ఒప్పందం ఎందుకు వమ్మయిందో, ఏది ఎంతవరకు నిలిచిందో బోధపడుతుంది.

ముందుగా ఒక మాట స్పష్టం చేయవలసి ఉన్నది. ఆయుధ మార్గాన్ని శ్లాఘించడానికి మేము ఈ ఉదాహరణ తీసుకోలేదు. ఆ పోరులో ప్రాణాలు కోల్పోయినవారు 1,20,000 మంది దాకా ఉంటారని సాధారణంగా చెప్పే అంచనా. అంత మూల్యం చెల్లించిన తరువాత కూడా వారికి దక్కినది తుపాకి నుంచి నేరుగా రాలేదు, సంప్రదింపుల నుంచి వచ్చింది. భారత ముస్లింలమైన మన మార్గం రాజ్యాంగం, ఓటు, న్యాయస్థానం, ప్రజాభిప్రాయం. అయితే వినతిపత్రం పట్టుకుని మంత్రి వద్దకు వెళ్లే ప్రతినిధి వర్గానికైనా, దశాబ్దాల పోరు తరువాత చర్చలకు కూర్చునే నాయకత్వానికైనా ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఎదుటివారు ఇచ్చిన మాటను నిలబెట్టుకునేలా చేయగల శక్తి మన వద్ద ఏమి మిగిలి ఉన్నది?

మోరోల నేపథ్యం

ఫిలిప్పీన్స్ దక్షిణ భాగంలో మిందనావ్ అనే పెద్ద ద్వీపం, దానికి నైరుతి దిశలో సులు ద్వీపమాల ఉన్నాయి. స్పెయిన్ వలసపాలకులు పదహారవ శతాబ్దంలో అడుగుపెట్టేనాటికే ఇక్కడ ఇస్లాం వేళ్లూనుకుని ఉన్నది. సులు, మగిందనావ్ సుల్తానుల రాజ్యాలు ఉన్నాయి. ఉత్తరాదిని క్రైస్తవంలోకి మార్చిన స్పెయిన్ మూడు శతాబ్దాలు ప్రయత్నించినా ఈ ప్రాంతాన్ని పూర్తిగా లోబరచుకోలేకపోయింది. తమ దేశంలోని ముస్లింలను పిలిచిన ‘మోరో’ అన్న పేరునే వీరికీ పెట్టింది. చాలాకాలం నిందావాచకంగా వినిపించిన ఆ పేరును తరువాతి తరం సగర్వంగా స్వీకరించి, తమ భూమిని ‘బంగ్సమోరో’ అన్నది.

1898లో స్పెయిన్ ఫిలిప్పీన్స్ మొత్తాన్ని రెండు కోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించింది. తాను పూర్తిగా గెలవని మోరో భూమి కూడా అందులో చేరిపోయింది. మరుసటి ఏడాది సులు సుల్తానుతో అమెరికా ఒక ఒడంబడిక చేసుకున్నది. ఉత్తరాదిలో యుద్ధం సాగుతున్నంతకాలం దానిని పాటించి, 1904లో ఏకపక్షంగా రద్దు చేసింది. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అన్న మన సామెతకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఈ సామెతను గుర్తుంచుకోండి. తరువాతి కథలో ఇది పదేపదే నిజమవుతుంది.

1946లో దేశం స్వతంత్రమైంది. ఉత్తర ద్వీపాల నుంచి భూమిలేని క్రైస్తవ రైతులను మిందనావ్‌కు తరలించే విధానం వలసపాలనలోనే మొదలై, స్వతంత్ర ప్రభుత్వాల కాలంలో ముమ్మరమైంది. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో ఆ ద్వీపంలో అధిక సంఖ్యాకులైన ముస్లింలు శతాబ్దం చివరకు ఐదవ వంతుకు దిగజారారు. భూమి పట్టాలు ఎవరికి చేరాయో వేరే చెప్పనవసరం లేదు. 1968 మార్చిలో కొరెహిదోర్ ద్వీపంలో సైనిక శిక్షణ పొందుతున్న మోరో యువకులను కాల్చి చంపిన ఉదంతం నిప్పు రాజేసింది. 1972లో మార్కోస్ సైనిక శాసనం విధించడంతో, విశ్వవిద్యాలయ అధ్యాపకుడైన నూర్ మిసువారి నాయకత్వంలో మోరో నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ సాయుధ తిరుగుబాటుకు దిగింది. 1974లో హోలో పట్టణం యుద్ధంలో కాలి బూడిదైంది.

మొదటి ఒప్పందం: ఒక్క వాక్యం చేసిన నష్టం

1976 నాటికి మార్కోస్ ఇరకాటంలో పడ్డాడు. సైన్యంలో అధిక భాగం దక్షిణాదిలోనే చిక్కుకుపోయింది. దేశానికి కావలసిన చమురు అరబ్బు దేశాల నుంచి రావాలి. ఇస్లామీయ దేశాల సంస్థ మోరోల పక్షాన నిలిచి మాట్లాడుతున్నది. అయితే 1974లోనే ఆ సంస్థ ఒక హద్దు గీసింది. ఫిలిప్పీన్స్ సార్వభౌమత్వం, భౌగోళిక సమగ్రతల పరిధిలోనే న్యాయమైన పరిష్కారం కావాలన్నది. అంటే ప్రత్యేక దేశం కాక, స్వయంపాలన. అండగా నిలిచేవారు తమ ప్రయోజనాల మేరకే నిలుస్తారన్న సత్యం మోరోలకు అప్పుడే తెలిసివచ్చింది.

1976 డిసెంబరు 23న లిబియా రాజధాని ట్రిపోలీలో ఒప్పందం కుదిరింది. పదమూడు రాష్ట్రాలతో స్వయంపాలిత ప్రాంతం, సొంత శాసనసభ, షరీఅత్ న్యాయస్థానాలు, విద్యావ్యవస్థ. చూడటానికి ఇది మోరోల విజయమే. కాని రెండు లోపాలు ఉండిపోయాయి. గనుల ఆదాయంలో వాటా ఎంత, ఆర్థిక వ్యవస్థ ఎలా ఉండాలి, న్యాయస్థానాల అధికారం ఎంతవరకు అన్న ముఖ్యాంశాలను తరువాతి చర్చలకు వదిలివేశారు. రెండవది మరింత ప్రమాదకరమైనది. ఒప్పందం అమలుకు అవసరమైన రాజ్యాంగ ప్రక్రియలన్నింటినీ ఫిలిప్పీన్స్ ప్రభుత్వమే చేపడుతుందని చివరలో రాశారు.

చదవడానికి నిరపాయంగా కనిపించే ఆ వాక్యమే మార్కోస్ చేతికి తాళంచెవి అయింది. రాజ్యాంగ ప్రక్రియ అంటే ప్రజాభిప్రాయ సేకరణ అని ఆయన వ్యాఖ్యానించాడు. 1977 ఏప్రిల్‌లో దానిని జరిపాడు. పదమూడు రాష్ట్రాలలో అధిక భాగం అప్పటికే క్రైస్తవ వలసదారులు ఎక్కువగా ఉన్నవి. ఒకే ప్రాంతానికి బదులు రెండు బలహీనమైన ప్రాంతీయ ప్రభుత్వాలు వెలిశాయి. వాటికి అధికారం నామమాత్రం. మేము ఒప్పందాన్ని అమలు చేశామని ప్రభుత్వం ప్రపంచానికి చెప్పుకోగలిగింది. చమురు ప్రమాదం తొలగింది, సైన్యానికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరికింది. మోరోల నాయకత్వం మాత్రం చీలిపోయింది. 1977లో సలామత్ హాషిం వర్గం మిసువారితో విభేదించి, తరువాత మోరో ఇస్లామిక్ లిబరేషన్ ఫ్రంట్‌గా రూపొందింది. చర్చలు విఫలమైనప్పుడు బలహీనపక్షంలో మొదట కూలేది ఐక్యతే.

రెండవ ఒప్పందం: ముందు ఇచ్చి, తరువాత ఎదురుచూడటం

1986 ప్రజా ఉద్యమంలో మార్కోస్ పతనమయ్యాడు. కొరజోన్ అకీనో అధ్యక్షురాలై స్వయంగా హోలోకు వెళ్లి మిసువారిని కలిశారు. 1987 నాటి కొత్త రాజ్యాంగంలో ముస్లిం మిందనావ్ స్వయంపాలనకు స్థానం లభించింది. 1989లో తిరిగి ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే నాలుగే రాష్ట్రాలు చేరాయి. ట్రిపోలీలో పదమూడని రాసుకున్నది నాలుగుకు కుదించుకుపోయింది.

రామోస్ అధ్యక్షుడైన తరువాత, ఇండోనేషియా చొరవతో 1996 సెప్టెంబరు 2న తుది శాంతి ఒప్పందం కుదిరింది. దీనిని రెండు దశలుగా విభజించారు. మొదటి దశలో దాదాపు 7,500 మంది మోరో యోధులను సైన్యంలో, పోలీసు శాఖలో చేర్చుకోవాలి. అభివృద్ధి పనుల పర్యవేక్షణకు మిసువారి అధ్యక్షతన ఒక మండలి ఏర్పడాలి. రెండవ దశలో పార్లమెంటు కొత్త చట్టం చేసి, స్వయంపాలనను విస్తరించాలి.

ఈ క్రమాన్ని జాగ్రత్తగా గమనించండి. మోరోలు ఇవ్వవలసినది మొదటి దశలో ఉన్నది. ప్రభుత్వం ఇవ్వవలసినది రెండవ దశలో ఉన్నది. మొదటి దశ పూర్తి అయింది. యోధులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. నాయకుడు స్వయంపాలిత ప్రాంతానికి గవర్నరు అయ్యాడు. ఆయన అధ్యక్షత వహించిన మండలికి సొంత అధికారాలు లేవు, సొంత నిధులు లేవు, దేశాధ్యక్షుడి కార్యాలయమే దానికి దిక్కు. నిన్నటిదాకా ప్రభుత్వంతో సమాన స్థాయిలో మాట్లాడిన నాయకుడు ఈనాడు బడ్జెటు కోసం అర్జీ పెట్టుకునే అధికారిగా మారాడు. ప్రజలకు రోడ్డు రాకపోతే, బడి రాకపోతే నిందించేది ఇక మనీలాను కాదు, ఆయననే.

ఐదేళ్ల తరువాత, 2001లో, పార్లమెంటు చట్టం చేసింది. తమను సంప్రదించి కుదుర్చుకున్న దానికి ఇది అనుగుణంగా లేదని నేషనల్ ఫ్రంట్ వ్యతిరేకించింది. ఆ వ్యతిరేకతను లెక్కచేయవలసిన అవసరం అప్పటికి ఎవరికీ లేదు. ప్రాంతంలో అదనంగా చేరినవి బసిలాన్ రాష్ట్రం, మరావి నగరం మాత్రమే. ఆ ఏడాది నవంబరులో మిసువారి అనుచరులు మళ్లీ ఆయుధం పట్టారు. ఆయన మలేషియాలో పట్టుబడ్డాడు. ఆయన చిత్తశుద్ధిని శంకించడానికి మేము ఈ మాట చెప్పడం లేదు. ఒప్పందంలోని క్రమమే ఆయన చేతిలోని బలాన్ని ముందుగా ఖాళీ చేయించింది.

మూడవ ఒప్పందం: నేర్చుకున్నవారు

ఇస్లామిక్ ఫ్రంట్ ఈ రెండు వైఫల్యాలనూ దగ్గరగా చూసింది. 1997లో ప్రభుత్వంతో చర్చలు ప్రారంభించింది. 2000లో అధ్యక్షుడు ఎస్త్రాదా సర్వశక్తులతో యుద్ధం ప్రకటించి వారి ప్రధాన స్థావరం అబూబకర్ శిబిరాన్ని స్వాధీనం చేసుకున్నాడు. ఆ యుద్ధంతో చర్చలు ఆగిపోయాయి. 2001లో మలేషియా మధ్యవర్తిత్వంతో తిరిగి మొదలయ్యాయి. ఇక్కడి నుంచి వారి పద్ధతిలో నాలుగు మార్పులు కనిపిస్తాయి.

మొదటిది, సాక్షులను పెంచుకోవడం. 2004 నుంచి మలేషియా నాయకత్వంలో అంతర్జాతీయ పర్యవేక్షక బృందం కాల్పుల విరమణను క్షేత్రంలో కనిపెట్టింది. 2009లో సంప్రదింపులకు అండగా మరొక బృందం ఏర్పడింది. అందులో బ్రిటన్, జపాన్, తుర్కియే, సౌదీ అరేబియాలతో పాటు స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. ఇండోనేషియాకు చెందిన ముహమ్మదియా వాటిలో ఒకటి. ముస్లిం దేశాలే కాకుండా ఇతరులు కూడా సాక్షులుగా ఉండటం వల్ల, మాట తప్పితే పోయే పరువు ఇరుపక్షాలకూ పెరిగింది.

రెండవది, చర్చలలో లేనివారిని లెక్కలోకి తీసుకోవడం. ఈ పాఠం వారికి చేదు అనుభవంతోనే అబ్బింది. 2008 ఆగస్టు 5న పూర్వీకుల భూమి హక్కులపై ఒక ఒప్పంద పత్రం కౌలాలంపూర్‌లో సంతకాలకు సిద్ధమైంది. రాయబారులు చేరుకున్నారు. ముందురోజు ఫిలిప్పీన్స్ సుప్రీం కోర్టు సంతకాన్ని నిలిపివేసింది. అక్టోబరులో ఎనిమిది మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఏడుగురు మరొకవైపు నిలిచిన తీర్పులో అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. స్థానిక ప్రజలను సంప్రదించలేదన్నది ప్రధాన ఆక్షేపణలలో ఒకటి. క్రైస్తవ జనం ఎక్కువగా ఉన్న ప్రాంతాల నాయకులే ఆ కేసు వేశారు. ఆగ్రహించిన కొందరు కమాండర్లు దాడులకు దిగారు, లక్షలాది మంది నిరాశ్రయులయ్యారు. ఎదురుగా కూర్చున్న మంత్రి ఒప్పుకుంటే చాలదని, న్యాయస్థానమూ పార్లమెంటూ పొరుగువారూ కూడా ఒప్పందంలో కనిపించని పక్షాలేనని అప్పుడు రుజువైంది.

మూడవది, పదాలను కచ్చితం చేసుకోవడం. 2011 ఆగస్టులో అధ్యక్షుడు బెనీగ్నో అకీనో, ఇస్లామిక్ ఫ్రంట్ అధ్యక్షుడు మురాద్ ఇబ్రాహీం జపాన్‌లో సమావేశమయ్యారు. 2012 అక్టోబరులో ప్రాథమిక ఒప్పందం, దానికి అనుబంధాలు, 2014 మార్చి 27న సమగ్ర ఒప్పందం వచ్చాయి. ట్రిపోలీలో తరువాత చూద్దామని వదిలిన విషయాలను ఇందులో సంఖ్యలతో రాసుకున్నారు. లోహ ఖనిజాల ఆదాయంలో 75 శాతం బంగ్సమోరోకు, చమురు, సహజవాయువు వంటి ఇంధన వనరులలో చెరి సగం. ప్రభుత్వ పక్షాన ప్రధాన సంధానకర్తగా సంతకం చేసినవారు మిరియం కొరొనెల్ ఫెర్రర్ అనే మహిళ. మోరోల పక్షాన సంప్రదింపులు నడిపినవారు మొహగెర్ ఇక్బాల్.

నాలుగవది అన్నింటికన్న ముఖ్యం. ఇచ్చిపుచ్చుకోవడాన్ని మెట్లుగా అమర్చడం. ఆయుధ విసర్జనను నాలుగు దశలుగా విభజించి, ప్రతి దశనూ ప్రభుత్వం చేయవలసిన ఒక పనికి ముడివేశారు. మొదట 145 మంది యోధులు, 75 ఆయుధాలు. ఇది నమ్మకానికి సూచన మాత్రమే. చట్టం ప్రజామోదం పొందితే 30 శాతం. కొత్త వ్యవస్థ నిలదొక్కుకునే దశలో మరో 35 శాతం. అంతా పూర్తయిందని ఇరుపక్షాలూ నిర్ధారించేనాటికి మిగిలినవారు. ఆయుధాల లెక్క చూసే స్వతంత్ర మండలికి తుర్కియే నాయకత్వం, నార్వే, బ్రూనైల భాగస్వామ్యం. 1996లో బలమంతా మొదటే ఇచ్చివేశారు. 2014లో ఒక మెట్టు ఎక్కిన తరువాతనే ఒక మెట్టు దిగాలని రాసుకున్నారు.

సంయమనమే బలమైన సందర్భం

ఒప్పందం కుదిరిన పది నెలలకే అగ్నిపరీక్ష వచ్చింది. 2015 జనవరి 25న మమసపనో అనే చోట, ఒక ఉగ్రవాదిని పట్టుకోవడానికి పోలీసు దళాలు కాల్పుల విరమణ యంత్రాంగంతో సమన్వయం లేకుండా ప్రవేశించాయి. ఘర్షణలో 44 మంది పోలీసులు, మోరో యోధులు, సామాన్య పౌరులు మరణించారు. దేశమంతటా మోరోలపై ద్వేషం చెలరేగింది. పార్లమెంటులో ఉన్న బంగ్సమోరో బిల్లు అటకెక్కింది. మళ్లీ మోసపోయామన్న భావం మోరో యువకులలో ప్రబలింది.

ఇస్లామిక్ ఫ్రంట్ యుద్ధానికి దిగలేదు. అదే ఏడాది జూన్‌లో, చట్టం రాకముందే, తాను చేస్తానన్న మొదటి మెట్టును పూర్తి చేసింది. 2017లో ఇస్లామిక్ స్టేట్‌కు విధేయత ప్రకటించిన ముఠాలు మరావి నగరాన్ని ఆక్రమించి ఐదు నెలలు పోరాడినప్పుడు కూడా ఫ్రంట్ వారి పక్షం వహించలేదు. చిక్కుకున్న పౌరులను వెలికి తీసుకురావడంలో తోడ్పడింది. న్యాయమైన దారి మూసివేస్తే ఎవరు ముందుకు వస్తారో మరావి శిథిలాలు దేశానికి చూపించాయి. బెదిరింపుతో రాని బలం మాట నిలుపుకోవడంతో వచ్చింది.

2018 జూలైలో బంగ్సమోరో చట్టం వెలువడింది. 2019 జనవరి, ఫిబ్రవరి నెలలలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. పాత స్వయంపాలిత ప్రాంతంలో సుమారు 15 లక్షల మంది ఔనన్నారు. చిరకాలం వెలుపల ఉన్న కోతబాతో నగరం చేరింది. పక్క రాష్ట్రంలోని 63 గ్రామాలు చేరాయి. దేశ పన్నుల రాబడిలో ఐదు శాతాన్ని ఏటా నేరుగా పొందే హక్కు చట్టంలోనే ఉన్నది. ఇక బడ్జెటు కోసం అర్జీ పట్టుకుని మనీలాకు వెళ్లనవసరం లేదు. మిసువారికి లేనిది మురాద్‌కు దక్కినది ఇదే.

ముగియని లెక్క

ఇంతటితో కథ సుఖాంతమని చెప్పి మిమ్మల్ని పంపివేయడం న్యాయం కాదు. 2019 ఓటింగులో సులు రాష్ట్రం కాదన్నది. అయినా పాత ప్రాంతమంతటినీ ఒకే లెక్కగా తీసుకోవాలన్న నిబంధన వల్ల అందులో కలిసిపోయింది. 2024 సెప్టెంబరులో సుప్రీం కోర్టు ఆ నిబంధనను తోసిపుచ్చి సులును వేరు చేసింది. నచ్చజెప్పి పొందవలసిన సమ్మతిని లెక్కల నియమంతో పొందితే అది నిలవదు. మోరో ఉద్యమానికి పుట్టినిల్లు అయిన సులు ఈనాడు మోరో ప్రభుత్వానికి వెలుపల ఉన్నది.

మొదటి ఎన్నికలు 2022లో జరగవలసి ఉండగా వాయిదా పడ్డాయి. అంతవరకు నడిచేది నియామకపు శాసనసభ. దానిని నియమించేది దేశాధ్యక్షుడు. నియమించేవాడికి మార్చే అధికారం కూడా ఉంటుంది. 2025 మార్చిలో మురాద్ స్థానంలో, ఆయన ఉద్యమ సహచరుడే అయిన వేరొకరు ముఖ్యమంత్రిగా నియమితులయ్యారు. నాయకత్వంలో పొరపొచ్చాలు బయటపడ్డాయి. గుర్తించిన 40,000 మంది యోధులలో సుమారు 26,000 మంది ఆయుధ విసర్జన ప్రక్రియ పూర్తి చేశారు. వారికి వాగ్దానం చేసిన జీవనోపాధి పథకాలు అందలేదని ఆరోపిస్తూ, 2025 జూలైలో మిగిలిన 14,000 మంది ప్రక్రియను ఇస్లామిక్ ఫ్రంట్ నిలిపివేసింది.

ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. 1996 తరువాత ప్రభుత్వం మాట తప్పితే మోరోల ముందు రెండే దారులు, మౌనం లేదా మళ్లీ యుద్ధం. ఈసారి మూడవ దారి ఉన్నది. ఒప్పందంలోని ఒక మెట్టు దగ్గర ఆగి, సాక్షుల ఎదుట, మీ వంతు పూర్తి చేయండి అని అడగగలిగారు. అయితే ఆ దారి కూడా శాశ్వతం కాదు. ఆఖరి ఆయుధం అప్పగించిన తరువాత వారికి మిగిలేది సొంత ప్రజల విశ్వాసం, పరిపాలనలో నిజాయితీ, పొరుగువారి మద్దతు మాత్రమే. టెదురాయ్ వంటి ముస్లిమేతర ఆదివాసులకు, క్రైస్తవ వలసదారులకు, మహిళలకు, యువతకు శాసనసభలో ప్రత్యేక స్థానాలు కేటాయించారు. మైనారిటీలోని మైనారిటీ తమ భూమి గురించి అడిగే ప్రశ్నలకు మోరో ప్రభుత్వం ఎలా జవాబిస్తుందన్నదే రేపటి వారి నైతిక బలాన్ని నిర్ణయిస్తుంది.

మనకు సంబంధించి

మన నేల మీద యుద్ధాలు లేవు, అల్‌హమ్దులిల్లాహ్. కాని హామీలు ఉన్నాయి, ఒప్పందాలు ఉన్నాయి. 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు కుదుర్చుకున్న పెద్దమనుషుల ఒప్పందాన్ని గుర్తు చేసుకోండి. ఉద్యోగాలు, మిగులు ఆదాయం, ఉప ముఖ్యమంత్రి పదవి మొదలైన రక్షణలతో పాటు తెలంగాణ పరిపాలనలో, న్యాయస్థానాలలో ఉర్దూ స్థానం కొంతకాలం కొనసాగాలన్న మాట కూడా అందులో ఉన్నది. ఉప ముఖ్యమంత్రి పదవి తొలి మంత్రివర్గంలోనే లేకపోయింది. రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆ మాటలను అడిగి నిలబెట్టగల సాధనమేదీ సంతకం చేసినవారి చేతిలో మిగలలేదు. 1969లో తెలంగాణ వీధులలోకి వచ్చినది ఆ అసంతృప్తే.

ముస్లిం రిజర్వేషన్ల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఐదు శాతం ప్రకటించారు. వెనుకబాటుతనాన్ని సరైన పద్ధతిలో నిర్ధారించలేదన్న ఆక్షేపణతో అది హైకోర్టులో నిలవలేదు. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలను గుర్తించి నాలుగు శాతం చట్టం చేశారు. 2010లో దానిని కూడా హైకోర్టు కొట్టివేస్తే, సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. 2017 ఏప్రిల్‌లో తెలంగాణ శాసనసభ పన్నెండు శాతం బిల్లు ఆమోదించింది. దానికి కేంద్రం సమ్మతి కావాలి, ఆ సమ్మతి రాలేదు. మాట ఇచ్చినవారికి దానిని పూర్తి చేసే అధికారం ఉన్నదా అని మనం ముందుగా అడిగామా?

కనుక ఈసారి మన ప్రతినిధులు ఏ పార్టీ వద్దకు, ఏ ప్రభుత్వం వద్దకు వెళ్లినా ఈ ప్రశ్నలను వెంట తీసుకువెళ్లాలని మా విన్నపం. ఈ హామీని ఏ చట్టం ద్వారా, ఏ తేదీలోగా అమలు చేస్తారు? న్యాయస్థానంలో నిలబడటానికి కావలసిన గణాంకాలు, కమిషన్ నివేదిక సిద్ధంగా ఉన్నాయా? ఇందుకు ఎవరి సమ్మతి కావాలి, వారితో మాట్లాడినవారు ఎవరు? నిధులు బడ్జెటులో ఏ పద్దు కింద వస్తాయి? మాట తప్పితే చెప్పగల సాక్షులు ఎవరు? మన మద్దతును ఒక్కసారిగా ఇస్తున్నామా, మెట్టు మెట్టుగా ఇస్తున్నామా? మనలో ఒకరికి పదవి ఇస్తే సముదాయపు హామీ నెరవేరినట్టేనని అనుకుంటున్నామా? దళిత, ఆదివాసీ, వెనుకబడిన వర్గాల సోదరులను ముందుగా సంప్రదించామా, లేక రేపు వారే మనకు ఎదురు నిలిచే పరిస్థితి తెస్తున్నామా?

సభ ముగిసిన తరువాత ఈ ప్రశ్నలను ఇంటిలో, మస్జిద్ కమిటీలో, మహిళా సంఘంలో చర్చించండి. ప్రతి జిల్లాలో ఒక చిన్న బృందం కూర్చుని, గత ఇరవై ఏళ్లలో మనకు లభించిన హామీలను ఒక పుస్తకంలో రాసి, ఏది ఏ మెట్టు దగ్గర ఆగిందో నమోదు చేయాలి. ఇందుకు పెద్ద నిధులు అవసరం లేదు, ఓపిక కావాలి. మోరోలకు మొదటి ఒప్పందం నుంచి మూడవ ఒప్పందానికి చేరడానికి ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది, ఆ కాలంలో ఒక తరం సమాధులలో చేరింది. వారు అంత మూల్యం చెల్లించి నేర్చుకున్న దానిని మనం ఒక నోటు పుస్తకంతో, శాంతియుతంగా, చట్టబద్ధంగా ఆచరణలో పెట్టగలిగితే ఈ సదస్సు సార్థకమైనట్టే.